సివిలైజేషన్ 6: మీ ఆట తీరుకి ఇది సరిపోతుందా?

టర్ను తర్వాత టర్నుగా ఒక దేశాన్ని నడిపే వీడియో గేమ్ సివిలైజేషన్ 6 ఊళ్లు ఎక్కువ కట్టేవాళ్ల ఆట. మూడు నాలుగు ఊళ్లు పెట్టుకుని వాటినే ముద్దుగా పెంచుకునేవాళ్లు ఇందులో గెలవలేరని కాదు గానీ, పడ్డ కష్టానికి కూలి తక్కువ. యుద్ధం ఇష్టమైనవాళ్లకి మొదటి వంద టర్నులు పండగ, ఆ తర్వాత చాకిరీ. మాటలతో, సంధులతో నెగ్గుకు రావాలనుకునేవాళ్లకి మాత్రం ఇది దాదాపు దండగ.

గ్రాఫిక్స్ గురించి, సంగీతం గురించి రివ్యూలు కావలసినన్ని ఉన్నాయి. బరంపురం, పర్లాకిమిడి, ఇచ్ఛాపురం వైపు కుర్రాళ్లు కొనే ముందు అడిగేది వేరు: నేను ఆడే తీరుకి ఇది పనికొస్తుందా అని. ఇక్కడ చెప్పేది 2016 అక్టోబరులో వచ్చిన అసలు ఆటకి రైజ్ అండ్ ఫాల్ (2018), గ్యాదరింగ్ స్టార్మ్ (2019) అనే రెండు ఎక్స్‌పాన్షన్లూ (విడిగా కొనే అదనపు భాగాలు) కలిపిన దాని గురించి. ఆ రెండూ లేకపోతే లాయల్టీ (ఊరు తన దేశాన్ని అంటిపెట్టుకుని ఉండటం) లేదు, ఊళ్లని చూసుకునే గవర్నర్లు లేరు, వరదలు లేవు, డిప్లొమాటిక్ విక్టరీ లేదు. 2020 మే నెలలో ఎపిక్ స్టోర్‌లో ఉచితంగా ఇచ్చింది ఆ ఉత్త ఆటే. అప్పుడు తీసుకుని గవర్నర్ బటన్ ఎక్కడుందా అని వెతుకుతున్నవాళ్లు ఇక వెతకనక్కర్లేదు.

ఆట తీరు అంటే గెలుపు పేరు కాదు. సైన్స్ విక్టరీకి పోయేవాడూ పక్కవాడి రాజధాని మీద పడొచ్చు, మతంతో గెలిచేవాడూ పన్నెండు ఊళ్లు కట్టొచ్చు. అసలు తీరు మొదటి 40 టర్నుల్లో తెలిసిపోతుంది. స్కౌట్ తర్వాత రాజధానిలో ఏం మొదలుపెట్టారు? కొత్త ఊరు పెట్టే సెట్లరా, వరసగా స్లింగర్లా (వడిసెల సైనికులు), స్టోన్‌హెంజ్ లాంటి వండరా (లోకంలో ఒక్కటే ఉండే అద్భుత కట్టడం)? ఈ మూడింటికీ ఆట ఇచ్చే ఫలితం ఒకేలా ఉండదు. ఎందుకో లెక్కల్లోనే ఉంది.

ఒక పౌరుడు టర్నుకి ఇచ్చేది 0.5 సైన్స్, 0.3 కల్చర్. రాజధానిని 10 జనాభా నుంచి 13కి పెంచితే, బోలెడు తిండి ఖర్చయ్యాక, వచ్చే అదనపు సైన్స్ ఒకటిన్నర. అదే కొండల పక్కన 3 జనాభా ఉన్న చిన్న ఊరు పెట్టి, మూడు పర్వతాలు ఆనుకునేలా క్యాంపస్ (సైన్స్ ఇచ్చే డిస్ట్రిక్టు, అంటే ఊరికి చెందిన ప్రత్యేక పేట) కట్టి, అందులో లైబ్రరీ వేస్తే పక్క టైల్స్ (మ్యాప్ గడులు) వల్ల 3, లైబ్రరీ వల్ల 2, జనం వల్ల 1.5. మొత్తం 6.5. క్యాంపస్, లైబ్రరీ ఇచ్చేవి ఊరి సైజుని చూసి ఇవ్వవు. మార్కెట్ గానీ లైట్‌హౌస్ గానీ ఉన్న ప్రతి ఊరూ ఒక ట్రేడ్ రూట్ తెస్తుంది. చాలా డిస్ట్రిక్టులు గ్రేట్ పీపుల్ (మీ వైపు వచ్చి సాయపడే మహానుభావులు) పాయింట్లు తెస్తాయి. ఇవన్నీ ఊళ్ల లెక్కన పెరిగేవే, జనం లెక్కన కాదు. వెడల్పుగా, అంటే ఎక్కువ ఊళ్లతో, ఆడేవాడు మామూలుగా ఆడినా ముందుంటాడంటే అతని తెలివి వల్లే అనుకోకండి. ఆట తయారైన పద్ధతే అది.

వెడల్పు ఆటకి పనికొచ్చే పద్ధతి ఇది. రెండు సిటీ సెంటర్ల మధ్య కనీసం 3 టైల్స్ ఉండాలన్నది రూలు. చాలామంది అందంగా ఉంటుందని ఆరేడు టైల్స్ దూరం పెడతారు. అక్కర్లేదు, నాలుగైదు చాలు. దగ్గరగా కడితే డిస్ట్రిక్టులు ఒకదాన్నొకటి ఆనుకుని బోనస్ ఇస్తాయి. తర్వాత ఫ్యాక్టరీల ప్రభావం 6 టైల్స్ దాకా పాకుతుంది కాబట్టి అప్పుడూ లాభమే. సెట్లర్ ఖర్చు 80 ప్రొడక్షన్‌తో మొదలై ఒక్కోటికీ పెరుగుతూ పోతుంది, ఊళ్లోంచి ఒక జనాభానీ పట్టుకుపోతుంది. అందుకని మొత్తం జనాభా 6కి చేర్చి ఎర్లీ ఎంపైర్ సివిక్‌కి (సివిక్ అంటే కల్చర్‌తో నేర్చుకునేది) ఇన్‌స్పిరేషన్ (ఖర్చు తగ్గించే రాయితీ) కొట్టి, వెంటనే కాలనైజేషన్ అనే పాలసీ కార్డు పెట్టాలి. సెట్లర్ల మీద 50 శాతం ప్రొడక్షన్ కలిసొస్తుంది. మొదటి గవర్నర్‌గా మాగ్నస్‌ని తెచ్చి ప్రొవిజన్ ప్రమోషన్ ఇస్తే సెట్లర్ తయారైనా జనాభా తగ్గదు. ఆ ఊళ్లోనే వరసగా సెట్లర్లు తీయాలి, నాలుగు ఊళ్లకీ పంచకూడదు.

కొత్త ఊరు పెట్టగానే చేయాల్సిన మొదటి పని, చాలామంది వదిలేసేదీ ఇదే: డిస్ట్రిక్టుని వెంటనే మ్యాప్ మీద పెట్టేయడం. కట్టడం తర్వాత సంగతి. టెక్నాలజీలు, సివిక్‌లు వచ్చేకొద్దీ డిస్ట్రిక్టుల ఖర్చు పెరుగుతుంది. కానీ ఒకసారి స్థలం చూపించి పెట్టేస్తే ఆ రోజు ధరే ఖాయం. పెట్టేసి మాన్యుమెంటో, బిల్డరో కట్టుకుని తర్వాత వచ్చినా ధర మారదు.

వెడల్పు ఆట ఎక్కడ బెడిసికొడుతుందంటే మూడు చోట్ల. మొదటిది బార్బేరియన్ (ఏ దేశానికీ చెందని దోపిడీ దండు) స్కౌట్. అది మీ ఊరిని చూశాక తల మీద ఆశ్చర్యార్థకం గుర్తు పడుతుంది. అది క్యాంపుకి తిరిగి చేరితే దండు బయల్దేరుతుంది. చేరకముందే చంపాలి. సెట్లర్‌ని ఒంటరిగా పంపడం ఈ దశలోనే కొంప ముంచుతుంది. రెండోది అమెనిటీలు, అంటే జనం సంతోషానికి కావలసిన సదుపాయాలు. మూడో పౌరుడి దగ్గర్నుంచి ప్రతి ఇద్దరికీ ఒకటి కావాలి. ఒక లగ్జరీ వనరు నాలుగు ఊళ్లకి మాత్రమే చాలుతుంది, అదే వనరు రెండోది ఉన్నా లాభం లేదు. కాబట్టి ఎనిమిది ఊళ్లవాడు తన దగ్గర రెండున్న వాటిని అమ్మి, లేనివి కొనుక్కోవాలి. మూడోది లాయల్టీ. ప్రతి పౌరుడూ 9 టైల్స్ దాకా తన దేశం వైపు లాగుతాడు, టైల్‌కి 10 శాతం చొప్పున ఆ లాగుడు తగ్గుతుంది. పక్కవాడి పెద్ద ఊరికి నాలుగు టైల్స్ దూరంలో 1 జనాభాతో ఊరు పెడితే అది కొద్ది టర్నుల్లోనే చేజారుతుంది. గవర్నర్‌ని కూర్చోబెడితే టర్నుకి 8 కలిసొస్తుంది గానీ, ఆ ఒక్కడినే నమ్ముకోకూడదు. ఊరు పెట్టేముందు సెట్లర్‌ని ఎంచుకుని లాయల్టీ లెన్స్‌లో ఆ టైల్ మీద కనిపించే అంకె చూడండి. ఒకే ఊరిని రెండు ప్రభుత్వాలు మాదంటే మాదని లాక్కోవడం ఎలా ఉంటుందో ఆంధ్ర, ఒడిశాల మధ్య కొటియా గ్రామాల గొడవ తెలిసిన మనవాళ్లకి విడమరిచి చెప్పనక్కర్లేదు. ఈ ఆటలో నాకు అన్నిటికన్నా నిజంగా అనిపించే భాగం ఇదే.

ఇక తక్కువ ఊళ్లు, పెద్ద ఊళ్లు ఇష్టపడేవాళ్ల సంగతి. సివిలైజేషన్ 5 నుంచి వచ్చినవాళ్లలో వీళ్లే ఎక్కువ. అక్కడ ట్రెడిషన్ అనే పాలసీ తీసుకుని నాలుగు ఊళ్లతో ఆడటమే రాచబాట. కొత్త ఊరు పెడితే దేశం మొత్తానికి సంతోషం తగ్గేది, సైన్స్ ఖర్చు పెరిగేది. ఆరులో ఆ రెండు శిక్షలూ లేవు. దాంతో పాత అలవాటు తిరగబడింది. నాలుగు ఊళ్లతో ఎంపరర్ అనే కష్టం లెవెల్ దాటి ఆడితే 120వ టర్ను దగ్గర సైన్స్‌లో వెనకబడటం మొదలవుతుంది, ఎందుకో అర్థం కాదు.

అయినా ఆ తీరే కావాలంటే దారి ఉంది, కాకపోతే ఇరుకు దారి. డిస్ట్రిక్టుల సంఖ్య జనాభాని బట్టి ఉంటుంది: 1కి ఒకటి, 4కి రెండు, 7కి మూడు, 10కి నాలుగు. కాబట్టి గుండ్రంగా 10, 12 అని చూడకుండా 4, 7, 10, 13 మెట్ల మీద కన్నేయాలి. 7 నుంచి 9కి పెంచి ఆపితే తిండంతా వృథా. తర్వాత హౌసింగ్, అంటే ఊళ్లో జనం ఉండటానికి చోటు. మంచినీటి ఒడ్డున ఊరికి 5, సముద్రం ఒడ్డున 3, నీళ్లు లేనిచోట 2. ఇంకా రెండు ఖాళీలు ఉన్నంతవరకు ఎదుగుదల మామూలే. ఒక్కటే మిగిలితే సగం, ఖాళీ అయిపోతే పావు, జనాభా హౌసింగ్‌ని 5 దాటితే సున్నా. తిండి బాగా ఉన్నా మా ఊరు పెరగట్లేదు అనే ఫిర్యాదుకి పదింట తొమ్మిదిసార్లు కారణం ఇదే. గ్రెనరీ, ఆక్విడక్ట్ ఆలస్యం చేయకూడదు. గవర్నర్‌గా పింగళుడు. అతని కాన్నాయిసర్, రీసెర్చర్ ప్రమోషన్లు తలకో కల్చర్, తలకో సైన్స్ ఇస్తాయి. పెద్ద రాజధాని ఉన్నవాడికే ఇవి గిట్టుబాటు. ర్యాషనలిజం కార్డు కూడా ఇప్పుడున్న రూపంలో 15 జనాభా చేరిన ఊళ్లో క్యాంపస్ భవనాల సైన్స్‌ని 50 శాతం పెంచుతుంది, క్యాంపస్ పక్క బోనస్ 4 ఉంటే ఇంకో 50. ఈ తీరువాళ్లకి ఆట మనస్ఫూర్తిగా ఇచ్చిన బహుమతులు దాదాపు ఇవే.

యుద్ధం తీరు. మొదట్లో దీనికన్నా లాభసాటి పని లేదు, ఎందుకంటే కంప్యూటర్ కట్టుకున్న ఊళ్లు మీకు సెట్లర్ ఖర్చు లేకుండా దొరుకుతాయి. స్లింగర్ 35 ప్రొడక్షన్. మూడు నాలుగు స్లింగర్లు తీసి, వాటిలో ఒకదానితో ఏ బార్బేరియన్‌నైనా చివరి దెబ్బ కొట్టించాలి. ఆర్చరీకి యురేకా వచ్చి 40 శాతం ఖర్చు తగ్గుతుంది. ఆర్చరీ రాగానే స్లింగర్లని ఒక్కోటీ 60 గోల్డ్‌కి ఆర్చర్లుగా మార్చాలి. అంటే అప్పటిదాకా గోల్డ్ దాచుకోవాలి, టైల్స్ కొనకూడదు. బిల్డర్ మూడు ఛార్జీలూ మూడు టైల్స్ బాగుచేయడానికి వాడితే క్రాఫ్ట్స్‌మన్‌షిప్‌కి ఇన్‌స్పిరేషన్ వస్తుంది, దాంతో అగోగె కార్డు. అది పాతకాలపు సైనికుల మీద 50 శాతం. నాలుగు ఆర్చర్లు, ఇద్దరు వారియర్లు చాలు. ఊరి పేరు కింద గోడ బార్ లేదని చూసుకుని వెళ్లాలి.

గోడ ఉంటే కథ మారుతుంది. ఊళ్ల మీద బాణాలవాళ్లకి 17 బలం కోత పడుతుంది. పైగా గోడ కట్టిన ఊరు తిరిగి కొడుతుంది. ఆర్చర్లతో గోడని కొడుతూ ఇరవై టర్నులు కూర్చునేవాళ్లుంటారు. ఆ ఇరవై టర్నుల్లో ఇంట్లో రెండు ఊళ్లు లేచేవి. గోడలు పగలగొట్టే బ్యాటరింగ్ ర్యామ్ తేవాలి, దాన్ని ఊరిని ఆనుకున్న టైల్‌లో నిలబెట్టాలి. అయితే అది కత్తి, ఈటె పట్టేవాళ్లకే సాయం, గుర్రాలవాళ్లకి కాదు. ఇంకో సూక్ష్మం: ఊరు ప్రతి టర్నూ కొంత కోలుకుంటుంది. చుట్టూ ఉన్న టైల్స్ అన్నీ మీ సైన్యం అదుపులో ఉంటే కోలుకోదు. ఆర్చర్లకి, రాళ్లు విసిరే కాటపుల్ట్‌లకి ఆ అదుపు శక్తి లేదు. వారియర్లని ఎదురెదురు వైపుల నిలబెడితే ఇద్దరే చుట్టుముట్టొచ్చు.

ఇంత చెప్పాక ఒప్పుకోవాల్సింది ఒకటుంది. కంప్యూటర్‌కి యుద్ధం రాదు. ఒక టైల్‌లో ఒకే సైనికుడు అన్న రూలు దాని బుర్రకి ఎక్కలేదు. ఆర్చర్లని ముందుకి తోస్తుంది, గెలిచే ముట్టడిని మధ్యలో వదిలి వెనక్కి పోతుంది. అందుకే యుద్ధప్రియులకి మొదటి రెండు రాజధానులు పడ్డాక పోటీ ఉండదు, ముప్పై నలభై మందిని ఒక్కొక్కరినీ జరిపే పని మాత్రం మిగులుతుంది. డామినేషన్‌కి (యుద్ధంతో గెలుపుకి) అందరి తొలి రాజధానులూ పట్టాలి కాబట్టి ఈ తీరువాళ్లు ఆరుగురి స్మాల్ మ్యాప్ పెట్టుకోవడం మేలు. పన్నెండు మంది హ్యూజ్ మ్యాప్ మీద యుద్ధం వారాంతాలని మింగేస్తుంది.

వండర్లు పోగేసేవాళ్లకి ఈ ఆటలో ఒక చిక్కు ఉంది. ప్రతి వండర్‌కీ సొంతంగా ఒక టైల్ కావాలి, షరతులూ ఉంటాయి. స్టోన్‌హెంజ్‌కి పక్కన రాయి వనరు, పిరమిడ్లకి ఎడారి. కల్చర్ విక్టరీకి వండర్లు సాయమే గానీ గెలిపించేది లెక్క. ప్రతి దేశానికీ తన పుట్టుక నుంచి పోగైన కల్చర్‌లో 100కి ఒకరు చొప్పున సొంత టూరిస్టులు. మిగతా ప్రతి దేశానికీ ఉన్న ఆ సంఖ్యని మీ దగ్గరకొచ్చే టూరిస్టులు దాటాలి. ఓపెన్ బోర్డర్స్ 25 శాతం, ట్రేడ్ రూట్ ఇంకో 25 శాతం పెంచుతాయి. ఈ రెండూ చేయకుండా ఇరవై వండర్లు కట్టి ఎందుకు గెలవట్లేదని జుట్టు పీక్కుంటారు. నేషనల్ పార్కుకి నిలువు డైమండ్ ఆకారంలో నాలుగు టైల్స్ ఒకే ఊరివి కావాలి. అందుకని కొండ, అడవి ఉన్న మూల ఒకటి ముందే చూసి గొడ్డలి పడకుండా ఉంచుకోవాలి.

మతం తీరు గురించి ఎక్కువ చెప్పడానికి లేదు. అపోస్టల్స్ (మత ప్రచారకులు) గుంపులు గుంపులుగా తిరగడం రెండోసారికే విసుగు. డిప్లొమాటిక్ విక్టరీకి 20 పాయింట్లు కావాలి. వరల్డ్ కాంగ్రెస్‌లో మిగతావాళ్లు దేనికి ఓటేస్తారో ఊహించి అదే వైపు ఓటేస్తే పాయింట్లు వస్తాయి. దౌత్యమంటే ఇదా అనిపిస్తే మీ తప్పు కాదు.

మన నాయకులు. గాంధీ అసలు ఆటలోనే ఉన్నాడు, చంద్రగుప్తుడు రైజ్ అండ్ ఫాల్‌తో వచ్చాడు. దేశం ఒకటే, ఆట తీరులు రెండు. గాంధీకి, మతం స్థాపించి తనతో యుద్ధంలో లేని ప్రతి దేశం వల్లా టర్నుకి 5 ఫెయిత్ (మతపు పనులకి వాడే పాయింట్లు). అతన్ని కొట్టేవాళ్లకి యుద్ధపు అలసట రెట్టింపు. చంద్రగుప్తుడికి మిలిటరీ ట్రైనింగ్ సివిక్ నుంచే భూమి కోసం యుద్ధం ప్రకటించే హక్కు, మొదటి 10 టర్నులు 2 కదలికలు, 5 బలం అదనం. ఆ 10 టర్నులే అతని ఆటంతా. సైన్యం సరిహద్దుకి చేరకముందే యుద్ధం ప్రకటిస్తే సగం నడకకే పోతుంది. ఇద్దరికీ ఉన్న స్టెప్‌వెల్ (మెట్లబావి) తిండి, హౌసింగ్ రెండూ ఇస్తుంది కాబట్టి పెద్ద ఊళ్ల ఇష్టులకి ఇండియా మంచి ఎంపిక. కొండ మీద కట్టలేరు, ఒకదాని పక్కన ఒకటి కుదరదు. అంతే.

గంజాం జిల్లా జౌగడలో అశోకుడి శాసనం చూసినవాళ్లకి ఒక విషయం గుర్తుండే ఉంటుంది. కళింగ యుద్ధం మీద పశ్చాత్తాపం చెప్పే 13వ శాసనాన్ని అక్కడ చెక్కించలేదు. దాని బదులు స్థానిక అధికారులకి, జనంతో ఎలా మెలగాలో వేరే శాసనాలు రాయించాడు. ఆటలో పట్టుకున్న ఊరిని నిలబెట్టుకోవడానికి గవర్నర్‌నీ, ఊళ్లో ఒక సైనికుడినీ ఉంచి, అమెనిటీలు చూసుకునే పనికి ఇంతకన్నా దగ్గరి పోలిక దొరకదు.

వరదలు, తుఫానుల సంగతి వేరే చెప్పాలి. 2013లో ఫైలిన్, 2018లో తిత్లీ దాటిన తీరం మనది కాబట్టి హరికేన్ సముద్రపు టైల్స్ ఊడ్చేస్తుంటే నవ్వు రాదు. ఆటలో మాత్రం నది వరద కొంత మేలే. పొలాలు పాడు చేసినా ఆ టైల్స్‌కి అదనపు తిండి మిగిల్చి పోతుంది. డ్యామ్‌కి స్థలం నది కనీసం రెండు వైపులా తాకే వరద మైదానపు టైల్ అయి ఉండాలి. దాన్ని ముందే గుర్తు పెట్టుకోకుండా క్యాంపస్ కట్టేస్తే ఇక డ్యామ్ లేదు. ప్రకృతి తీవ్రత 0 నుంచి 4 దాకా సెటప్‌లో మార్చొచ్చు. ప్రశాంతంగా ఊళ్లు పెంచుకునేవాళ్లు 1 పెట్టుకోండి.

లెవెల్ ఎంపిక ఆట తీరుని మార్చేస్తుంది. ప్రిన్స్‌లో ఏ తీరైనా చెల్లుతుంది. అన్నిటికన్నా కష్టమైన డైటీలో కంప్యూటర్ మూడు సెట్లర్లతో మొదలవుతుంది. అక్కడ తొలి వండర్ల మీద ఆశ పెట్టుకోవద్దు, కిక్కురుమనకుండా సెట్లర్లో, ఆర్చర్లో తీయాల్సిందే. రకరకాలుగా ఆడి చూడాలనుకుంటే కింగ్, ఎంపరర్ దగ్గర ఆగడమే తెలివి.

మెషిన్ విషయానికొస్తే 8 జీబీ ర్యామ్ ఉన్న మామూలు లాప్‌టాప్‌లో స్టాండర్డ్ మ్యాప్ దాకా బాగానే నడుస్తుంది. ఆట చివర్లో టర్నులు సాగదీస్తే స్ట్రాటజిక్ వ్యూకి (సాదా మ్యాప్ రూపానికి) మార్చండి, క్విక్ మూవ్‌మెంట్, క్విక్ కాంబాట్ పెట్టండి. మధ్యలో కరెంటు పోయే ఊళ్లలో ఆటోసేవ్ ప్రతి టర్నుకీ ఉంచుకోవాలి, డెస్క్‌టాప్ వాళ్లు మరీను. ఫోన్‌లో మొదటి 60 టర్నులు ఉచితం, కాబట్టి డబ్బు పెట్టేముందు అక్కడ చూడొచ్చు. చిన్న స్క్రీన్ మీద యుద్ధం కష్టం, ఊళ్లు కట్టడం పర్లేదు. ఇద్దరు ముగ్గురు కలిసి ఆడాలంటే ఒకే కంప్యూటర్ మీద హాట్‌సీట్ ఉంది. నెట్ సరిగా లేనివాళ్లకి ప్లే బై క్లౌడ్ ఇంకా మంచిది, ఎవరి టర్ను వాళ్లు వీలున్నప్పుడు ఆడి పంపేయడమే. మనుషులతో ఆడితేనే కంప్యూటర్‌కి రాని యుద్ధం రుచి తెలుస్తుంది. "గోడ కట్టరా బాబూ, వస్తున్నా" అని ముందే చెప్పి మరీ ఊరు పట్టేవాళ్లు ఉంటారు.

కొనేటప్పుడు ఉత్త ఆట తీసుకోకండి. సేల్‌లో ప్లాటినం ఎడిషన్‌కి తరచూ భారీ తగ్గింపు ఉంటుంది, రెండు ఎక్స్‌పాన్షన్లూ అందులోనే. ఆంథాలజీ ఎడిషన్‌లో అదనంగా వచ్చే నాయకులు, మోడ్‌లు వెడల్పు ఆటగాళ్లకి, యుద్ధప్రియులకి మరింత సరదా. మిగతావాళ్లకి అత్యవసరం కాదు.

2025 ఫిబ్రవరిలో వచ్చిన ఏడో భాగం ఈ పక్షపాతాన్ని కొంత సరిచేసింది. ఎన్ని ఊళ్లు పెట్టొచ్చో పరిమితి ఉంది, దాటితే సంతోషం తగ్గుతుంది. కొత్తవి ముందు టౌన్లుగా పుట్టి ప్రొడక్షన్‌ని గోల్డ్‌గా మారుస్తాయి, ఏది సిటీ కావాలో మీరే తేల్చాలి. తక్కువ సిటీలు, ఎక్కువ టౌన్లు అన్న కొత్త తీరు దాంతో పుట్టింది. అశోకుడు అక్కడ రెండు రూపాల్లో ఉన్నాడు. ఒకరు మిగులు సంతోషాన్ని తిండిగా, ఇంకొకరు ప్రొడక్షన్‌గా మారుస్తారు. అయితే విడుదలైనప్పుడు ఆట మూడు యుగాలుగా తెగి, యుగం మారినప్పుడల్లా దేశం మార్చుకోవాల్సి వచ్చేది. ఒకే దేశాన్ని మొదట్నుంచి చివరిదాకా నడిపించడమే ఇష్టమైనవాళ్లు ఆరులోనే ఉండండి.